కథకుడి ఊహ, మన తుఫాను కబురు



"సైన్స్ ఫిక్షన్ చదివితే మార్కులొస్తాయా టీచర్?" అని కొందరు అడుగుతుంటారు. ఒక్క ఉదాహరణ చూడండి.

1945లో ఆర్థర్ సి. క్లార్క్ అనే సైన్స్ ఫిక్షన్ రచయిత ఒక వ్యాసం రాశారు. భూమధ్యరేఖకు పైన దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహం భూమితో సమానంగా ఒక చుట్టు పూర్తిచేస్తుంది, అందుకే ఆకాశంలో ఒకేచోట నిలిచినట్టు ఉంటుంది అన్నారు. తొలి ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరింది 1957లో!

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు మన దేశానికి అలాంటి సొంత ఉపగ్రహం లేదు. వేలమంది ప్రాణాలు పోయాయి. ఈనాడు, 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇన్సాట్-3డీఎస్ ఆ ఎత్తు నుంచే బంగాళాఖాతం మీది మబ్బులను కనిపెడుతోంది. తుఫాను తీరం చేరకముందే మనకు కబురు అందుతోంది.

ఇంట్లో ఇలా చేయించండి: ఒకరు మధ్యలో నిలబడి నెమ్మదిగా తిరగాలి. ఇంకొకరు ఎప్పుడూ వారి ముఖానికి ఎదురుగానే ఉండేలా చుట్టూ నడవాలి. దూరంగా నడిచేవారు ఎందుకు వేగంగా నడవాలో పిల్లలనే చెప్పనివ్వండి.

తర్వాత తాతయ్యను, అమ్మమ్మను ఉప్పెన నాటి సంగతులు అడగమనండి. ఈసారి కథల పుస్తకం కొనమంటే కాదనకండి.