పేడకూ ఒక లెక్క ఉండాలి
(సభ్య సంఘాల పాఠం)



పాలు పోసే వేళ మనమందరం కొలతపాత్ర మీదనే చూపు నిలుపుతాం. వెన్న శాతం కొంచెం తగ్గినా కార్యదర్శిని నిలదీసి అడుగుతాం. అది మన హక్కు. అయితే ఆ పాలిచ్చిన గేదే రోజుకు 10 నుండి 15 కిలోల పేడ కూడా వేస్తుంది. దానికి మన ఇంట్లో లెక్క ఉన్నదా? పిడకలకు పోగా మిగిలింది ఎక్కడికి పోతున్నదో చెప్పగలమా? ఈ పాఠంలో ఆ లెక్కే చూద్దాం.

మన నేల సంగతి

కోనసీమ గౌతమి, వసిష్ఠ పాయల నడుమ సముద్రానికి చేరువగా ఉన్న పల్లపు ప్రాంతం. ఇక్కడ నీరు రావడం సులభం, పోవడమే కష్టం. పాక వెనుక పోగుపడిన పెంట సారం తొలకరి వానకే కరిగి బోదెలోకి, బోదె నుండి మురుగు కాలువలోకి చేరుతుంది. ఆ సారం తిని గుర్రపుడెక్క దట్టంగా అల్లుకుంటుంది. దానికి కొబ్బరి డొక్కలు, మట్టలు, ప్లాస్టిక్ సంచులు తోడైతే నీటికి దారి ఉండదు. దిగువ ఊరిలో కాలువ పూడితే ఎగువ ఊరి చేలు మునుగుతాయి. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు ముంపు బాధను కూడా చెప్పుకున్నారు. ముంపుకు కారణాలు అనేకం. వాటిలో మన చేతిలో ఉన్నది, మనం పారవేసే చెత్త.

చేలో వేయవలసిన ఎరువును కాలువలో పోసి, తిరిగి యూరియా బస్తా కొని తెచ్చుకుంటున్నాం. నష్టం రెండు వైపులా మనదే.

పేడ గ్యాసు లెక్క

కిలో పేడ నుండి సుమారు 40 లీటర్ల గ్యాసు వస్తుంది. రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు 50 కిలోల పేడ, అంతే నీరు కావాలి. అది అయిదారుగురు ఉన్న ఇంటి వంటకు సరిపోతుంది. అంత పేడకు నాలుగైదు పశువులు ఉండాలి. రెండే గేదెలున్న ఇల్లు ఒంటరిగా ఇంత ప్లాంటు నడపలేదు. ఇరుగు పొరుగు కలిస్తే నడుస్తుంది.

ఇక సంఘం మొత్తానికి లెక్క వేద్దాం. నూరుగురు సభ్యులు, ఒక్కొక్కరికి రెండు పశువులు, పశువుకు 10 కిలోల చొప్పున చేతికందే పేడ అనుకుంటే రోజుకు 2,000 కిలోలు. దాని నుండి 80 ఘనపు మీటర్ల గ్యాసు వస్తుంది. అది సుమారు 34 కిలోల వంట గ్యాసుతో సమానం. అనగా 14.2 కిలోల సిలిండర్లు రోజుకు రెండుకు పైగా.

గ్యాసు తీసుకున్నంత మాత్రాన ఎరువు తరిగిపోదు. గ్యాసుగా పోయేది ముఖ్యంగా కర్బనం. నత్రజని, భాస్వరం, పొటాష్ చాలా వరకు బయటికి వచ్చే గుజ్జులోనే ఉంటాయి. ఆ గుజ్జును చేనుకు, కొబ్బరి పాదులకు పెట్టవచ్చు.

రెండు జాగ్రత్తలు గుర్తుంచుకోవాలి. పాక కడిగిన ఫినాయిలు నీరు, సబ్బు నీరు ప్లాంటులో పడనీయరాదు. గ్యాసు పుట్టించే సూక్ష్మజీవులు చనిపోతాయి. నాలుగడుగులు తవ్వితే నీరు ఊరే చోట భూమిలో కట్టే డోము ప్లాంటు ఊట నీటి ఒత్తిడికి దెబ్బ తినవచ్చు. అటువంటి చోట నేల మీద పరిచే సంచి రకం మేలు. ఎరువు గుంట విషయమూ అంతే. పల్లంలో గుంట తవ్వే బదులు మెరక మీద పోగు వేసి, చుట్టూ చిన్న గట్టు కట్టి, పైన మట్టలు కప్పాలి.

కొబ్బరి పొట్టు

డొక్క నుండి పీచు తీయగా మిగిలే పొట్టు పీచు మిల్లుల దగ్గర గుట్టలు పడుతుంది. పచ్చి పొట్టును నేరుగా చేలో వేయరాదు. అందులో కర్బనం మిక్కుటం, నత్రజని స్వల్పం. కుళ్ళే క్రమంలో నేలలోని నత్రజనిని కూడా లాగుకుంటుంది. టన్ను పొట్టుకు 5 కిలోల యూరియా, 5 సీసాల ముత్యపు చిప్ప పుట్టగొడుగు విత్తనం పొరలు పొరలుగా వేసి, తడి ఆరకుండా నెల రోజులు ఉంచితే నల్లని ఎరువు తయారవుతుంది. ఇది తన బరువుకు కొన్ని రెట్ల నీటిని పట్టి ఉంచుతుంది. పీచు మిల్లుకు పొట్టు బరువు, రైతుకు ఎరువు కొరత. ఈ రెంటినీ కలిపేవారు లేకనే రెండూ బాధలుగా మిగిలాయి.

చేసి చూపినవారు

గుజరాత్‌లోని ఆనంద్ జిల్లాలో జకారియాపురా, ముజ్‌కువా గ్రామాలలో జాతీయ పాడి అభివృద్ధి సంస్థ తోడ్పాటుతో పాడి మహిళల ఇళ్ళ దగ్గర గ్యాసు ప్లాంట్లు నెలకొన్నాయి. వంటకు పోగా మిగిలిన గుజ్జుకు నాణ్యతను బట్టి వెల కట్టి కొని, ఎరువులుగా మార్చి అమ్మారు. ముజ్‌కువాలో మహిళలే ఎరువుల సహకార సంఘం పెట్టుకున్నారు. 2022లో ఈ పనికోసం జాతీయ సంస్థ ప్రత్యేకంగా ఒక కంపెనీని నెలకొల్పింది. ఇందులో కొత్త విద్య ఏమున్నది? ఇంటింటి నుండి సేకరించడం, నాణ్యత చూడడం, డబ్బు చెల్లించడం. పాల విషయంలో మన సంఘాలు రోజూ చేస్తున్నది ఇదే కదా!

ఒక్క ఊరితో పని కాదు

2025 మార్చిలో జైపూర్‌లో ఆసియా, పసిఫిక్ దేశాల ప్రతినిధులు చెత్త తగ్గింపు, పునర్వినియోగం గూర్చి సమావేశమయ్యారు. ఒక దేశపు చెత్త సరిహద్దు దగ్గర ఆగదు కనుకనే ఆ కలయిక. మన మురుగు కాలువ కూడా పంచాయతీ పొలిమేర చూసి ఆగదు. మన ఊరు శుభ్రం చేసుకుని పై ఊరివారు డొక్కలు వదిలితే శ్రమ వృథా. కనుక ఒకే మురుగు కాలువ మీద ఉన్న సంఘాలన్నీ కలిసి ఒక మాట మీదకు రావాలి.

మొదటగా చేయవలసినవి:

1. ప్రతి సంఘం తన సభ్యుల పశువులు, పేడ, ఇప్పుడు అది పోయే చోటు ఒక పుస్తకంలో రాయాలి.
2. కాలువ గట్టున ఉన్న పెంటపోగులను తొలకరికి ముందే మెరకకు మార్చాలి.
3. నాలుగైదు ఇళ్ళకు ఒక గ్యాసు ప్లాంటు చొప్పున సుముఖంగా ఉన్న సభ్యుల జాబితా వేయాలి.
4. దగ్గరలోని పీచు మిల్లుతో మాట్లాడి పొట్టు తెచ్చి, ఒక పోగు ఎరువు ప్రయత్నించి చూడాలి.
5. ప్లాస్టిక్ సంచులను విడిగా పోగు చేయాలి. పాల ప్యాకెట్టు మూల పూర్తిగా తుంచివేయరాదు. ఆ ముక్కే ముందుగా కాలువలో పడుతుంది. సంచులు మింగిన పశువు మేత మాని చిక్కిపోతుందని మరువరాదు.

సంఘ సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మన సంఘం పరిధిలో రోజుకు ఎంత పేడ వస్తున్నది? అందులో చేనుకు చేరేది ఎంత?
2. మన మురుగు కాలువకు ఎగువన, దిగువన ఉన్న సంఘాలు ఏవి? వారిని ఎవరు కలుస్తారు?
3. గుజ్జుకు వెల కడితే, పశువులు లేని కౌలు రైతుకు అది అందుబాటులో ఉంటుందా?
4. పేడ ఎత్తే పని ఎక్కువగా ఇంటి ఆడవారిదే. వచ్చే డబ్బు ఎవరి పేరున జమ కావాలి?

నాలుగవ ప్రశ్నను చివరికి వదలక, ముందుగా తేల్చుకోవడం మంచిదని మా అభిప్రాయం. పని చేసే చేతికి లాభం కనబడితేనే పేడ కాలువకు పోకుండా పోగుకు చేరుతుంది.