పికప్ బండికి టైర్లు మార్చబోయే కుర్రవాళ్లకు

మదనపల్లె టమోటా మండి నుంచి చెన్నైకి లోడు తోలే పికప్ బండ్ల మధ్య చాలా ఏళ్లు బతికినవాణ్ని. టైర్లు మార్చాల్సి వచ్చినప్పుడు కుర్రవాళ్లు వచ్చి అడిగే మొదటి మాట, "ఏ కంపెనీది వేయమంటావు మామా?" అని. నేను ముందు రెండు సంగతులు అడుగుతాను. వెనక ఎంత బరువు వేస్తావు? ఏ దారిలో తిరుగుతావు? ఈ రెండూ తేలాకే కంపెనీ పేరు. చాలామంది దీన్ని తలకిందులు చేస్తున్నారు, అందుకే ఇది రాస్తున్నాను.

1. ముందు బరువు తేల్చుకో. 1.7 టన్నుల పికప్‌లో 25 కిలోల క్రేట్లు 68 పడతాయి. మండిలో బాడుగ మాట్లాడేటప్పుడు "ఇంకో ఇరవై వేసుకోబ్బా" అంటారు. అంటే ఇంకో 500 కిలోలు, అదీ చాలావరకు వెనక రెండు టైర్ల మీదే. లోడుతో ఉన్నప్పుడు కాటా మీదికి వెనక చక్రాలు మాత్రమే ఎక్కించి ఒక్కసారి తూకం వేయించు. ఆ అంకెలో సగం ఒక్క టైరు మోస్తున్న బరువు. ఆర్‌సీలో రాసింది, కాటా చెప్పింది పక్కపక్కన పెట్టి చూసుకో. బరువు ఎక్కువైందని కమాన్ కట్టకు ఇంకో పట్టీ చేర్పిస్తారు మనవాళ్లు. బండి వెనక కుంగదు, నిజమే. కానీ పట్టీ వేసినందువల్ల టైరు బలం ఒక్క కిలో కూడా పెరగదు. కుంగడం కంటికి కనబడకుండా పోతుంది, అంతే. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం అధిక లోడుకు జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకూ 2,000. ఆ ఇరవై క్రేట్ల బాడుగ దీనిలో ఏ మూలకు వస్తుందో నువ్వే లెక్కేసుకో.

2. టైరు పక్కగోడ చదవడం నేర్చుకో. సైజు అంకెల తర్వాత ఇంకో రెండు మూడు అంకెలు, ఒక అక్షరం ఉంటాయి. ఆ అంకెలే లోడ్ ఇండెక్స్. 100 అంటే 800 కిలోలు, 112 అంటే 1,120, 116 అంటే 1,250, 121 అంటే 1,450. లోడు బండి టైరు మీద 117/116 అని గీత పెట్టి రెండు ఉంటాయి. మొదటిది ఒంటి టైరుకు, రెండోది జోడు టైర్లకు. మన పికప్‌కు వెనక ఒక్కో వైపు ఒక్కటే కాబట్టి మొదటిది చూసుకోవాలి. అక్షరం వేగానికి గుర్తు: ఎల్ అంటే 120 కిలోమీటర్లు, ఎన్ అంటే 140. 8పీఆర్, 10పీఆర్ అన్న ప్లై రేటింగ్ కూడా కనబడుతుంది. లోపల అన్ని పొరలు ఉన్నాయని కాదు, వెనకటి నూలు పొరల టైర్ల కాలంలో అన్ని పొరలు మోసే బరువును ఇది మోస్తుందని దాని భావం. కొనేటప్పుడు బండితో వచ్చిన టైరు ఇండెక్స్ కన్నా తక్కువది ఎవరు ఎంత చెప్పినా తీసుకోవద్దు.

3. ఇది అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం, నిదానంగా చదువు. బొలెరో మనుషుల బండికీ, కొన్ని బొలెరో పికప్‌లకూ సైజు ఒకటే, 215/75 ఆర్15. రిమ్ముకు సరిగ్గా కూర్చుంటుంది, చూడ్డానికీ తేడా తెలియదు. కానీ మనుషుల బండి టైరు మీద తరచు 100 ఇండెక్స్ ఉంటుంది. అంటే 800 కిలోలు. నీ వెనక యాక్సిల్ మీద 2,200 కిలోలు పడుతున్నాయనుకో, ఒక్కో టైరు మీద 1,100. ప్రతి లోడుకూ 300 కిలోలు ఎక్కువ మోస్తూ, ఎండలో వేడెక్కుతూ, లోపల బెల్టు పొర విడిపోతూ ఉంటుంది. పేలేదాకా పైకి ఏమీ కనబడదు. "సైజు ఒకటే కదన్నా, ధర తక్కువ, మెత్తగా పోతుంది" అని అంగడివాడు చెబితే ఆ మెత్తదనమే నీకు వద్దు. ఎల్‌టీ అనిగానీ, సైజు చివర సీ అనిగానీ ఉన్న లోడు బండి టైరే అడుగు.

4. తేదీ చూడు. పక్కగోడ మీద కోలగా ఉన్న గడిలో నాలుగు అంకెలుంటాయి. 1825 అంటే 2025లో 18వ వారం, మే నెల మొదట్లో తయారైందని. రబ్బరు తిరగకపోయినా ముసలిదవుతుంది. రెండేళ్లు దాటిన సరుకు తగ్గింపు ధరకు ఇస్తామన్నా నేను ముట్టను. నాలుగు టైర్లూ ఒకే కాలంలో తయారైనవి దొరికితే మరీ మంచిది. ఐఎస్‌ఐ గుర్తు కూడా చూసుకో.

5. నైలానా, రేడియలా అన్నది ఎడతెగని వాదన. నైలాన్ టైరు పక్కగోడ మందం. రాళ్ల బాటలో, క్వారీల దగ్గర కోతలకు ఓర్చుకుంటుంది. రేడియల్‌లో రోడ్డును తాకే నడక కింద ఉక్కు బెల్టు ఉంటుంది, పక్కగోడ పలచన. అందుకే హైవే మీద తక్కువ వేడెక్కుతుంది, ఎక్కువ కిలోమీటర్లు వస్తుంది, డీజిల్ కొంత కలిసొస్తుంది. రోజూ మదనపల్లె, చెన్నై తిరిగేవాడికి రేడియలే అని నా గట్టి అభిప్రాయం. ఒకే యాక్సిల్‌కు ఒకవైపు నైలాన్, ఇంకోవైపు రేడియల్ మాత్రం ఎప్పుడూ వేయకు. డబ్బు చాలక రెండే రేడియళ్లు కొంటే అవి వెనక్కే వెళ్లాలి.

6. నడక గీతల సంగతి. నిలువు గీతల టైరు తారు రోడ్డుకు, పెద్ద గుబ్బల టైరు బురదకు, రాళ్లకు. తోట గట్టు దాకా వెళ్లేది నెలకు కొన్ని సార్లే అయితే దానికోసం గుబ్బల టైర్లు వేసి మిగతా దారంతా మోత, డీజిల్ ఖర్చు భరించడం అనవసరం. ముందు నిలువు గీతలు, వెనక మధ్యరకం చాలు.

7. రెండే కొత్తవి కొంటే ముందుకా, వెనక్కా? స్టీరింగు ఉన్న చోట కొత్తవి ఉండాలని మన డ్రైవర్లలో ఎక్కువమంది నమ్మకం. ముందు టైరు పేలితే బండి చేతిలో ఉండదన్న భయంలో నిజం ఉంది. అందుకే గుండు టైరు, రీట్రేడింగ్ చేసింది, బొబ్బ వచ్చింది ముందు ఎన్నడూ ఉండకూడదు. అయితే మొగిలి ఘాట్ మలుపుల్లో వాన పడుతుండగా ఖాళీ బండితో పలమనేరు వైపు తిరిగి వస్తున్నప్పుడు చూడు. లోడు దిగాక వెనక తేలికైపోతుంది. అరిగిన వెనక టైర్లు నీటి మీద జారితే తోక పక్కకు విసురుతుంది. ముందు జారితే వేగం తగ్గిస్తే కొంతవరకు దారికి వస్తుంది, వెనక జారితే స్టీరింగుతో సరిదిద్దుకోవడం ఎవరికైనా కష్టం. పైగా లోడున్నప్పుడు బరువంతా వెనకే. కాబట్టి ముందున్నవి ఇంకా బాగున్నాయంటే కొత్త రెండూ వెనకే వేయిస్తాను. అంతకన్నా మంచి పద్ధతి ఇంకోటి ఉంది. నాలుగూ ఒకే రకం టైర్లయితే, ఎనిమిది, పదివేల కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మారుస్తూ పోతే నాలుగూ సమంగా అరుగుతాయి, నాలుగూ ఒకేసారి మార్చొచ్చు. ఈ ప్రశ్నే రాదు.

8. పాతవి విప్పి పారేసే ముందు వాటిని చూడు. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువగా నడిపావు. నడిమి మాత్రమే అరిగితే గాలి ఎక్కువ. ఒక అంచే అరిగితే అలైన్‌మెంట్ తప్పింది. గుంటలు గుంటలుగా ఉంటే షాక్ అబ్సార్బర్లు పోయాయి. ఆ రోగం అలాగే ఉంచి కొత్తవి వేస్తే అవీ అదే దారిన పోతాయి. గీతల మధ్య చిన్న గట్టులా ఉండే అరుగుదల గుర్తు 1.6 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. చట్టం ఒప్పుకునేది అక్కడిదాకా. వానాకాలం లోడు బండికి అంతకు ముందే మార్చాలంటాను.

9. బరువు మోసేది రబ్బరు కాదు నాయనా, లోపలి గాలి. టైరు మీద రాసిన బరువు, దాని పక్కనే రాసిన గాలికే మోస్తుంది. గాలి తగ్గితే ఆ శక్తీ తగ్గుతుంది. పక్కగోడ ప్రతి చుట్టుకూ వంగి లేస్తుంటే లోపల వేడి పుడుతుంది, ఆ వేడికే పొరలు విడిపోతాయి. ఎండాకాలం టైర్లు పేలడానికి ఎండ ఒక్కటే కారణమని జనం అనుకుంటారు. తక్కువ గాలి, ఎక్కువ లోడు, వేగం కలిసిన దగ్గర ఎండ తోడవుతుంది. గాలి ఎప్పుడూ తెల్లవారి, బండి కదలకముందు చూడాలి. మదనపల్లె చల్లగా ఉంటుంది, చిత్తూరు దాటి రాణిపేట చేరేసరికి టైర్లు కాలుతుంటాయి, గేజీలో అంకె పెరిగి ఉంటుంది. అది సహజం. అప్పుడు భయపడి గాలి వదిలావో, మర్నాడు చల్లారాక తక్కువై ఉంటుంది. ఎంత పట్టాలన్నది బండి తలుపు దగ్గరి స్టిక్కరులో ఖాళీకి వేరే, లోడుకు వేరే రాసి ఉంటుంది. సొంత గేజీ ఒకటి కొనుక్కో, దారి పక్క గేజీలు అన్నీ ఒకేలా చెప్పవు.

10. వాడిన టైరు కొనవద్దు. లోపల ఏ దెబ్బ తిన్నదో పైనుంచి ఎవరికీ తెలియదు.

11. ధరను కిలోమీటర్లతో భాగించు. 6,000 రూపాయల టైరు 30,000 కిలోమీటర్లు నడిస్తే కిలోమీటరుకు 20 పైసలు. 8,000ది 50,000 నడిస్తే 16 పైసలు. ఎంత నడిచిందో తెలియాలంటే వేయించిన రోజు మీటరు అంకె పుస్తకంలో రాసుకోవాలి. అప్పుడే కంపెనీ గురించి మాట్లాడే హక్కు నీకు వస్తుంది, నాకన్నా నీ పుస్తకమే బాగా చెబుతుంది.

12. బిగించాక కూడా పని ఉంది. ట్యూబ్‌లెస్ అయితే వాల్వు కొత్తది వేయించు, ట్యూబు ఉన్నదైతే ట్యూబు, ఫ్లాపు కొత్తవి. బ్యాలెన్సింగ్ చేయించు. 50, 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ బిగించు, కొత్తగా వేసిన చక్రం నట్లు వదులయ్యేది ఆ దూరంలోనే. స్టెప్నీకి కూడా అదే ఇండెక్స్ ఉన్న టైరు వేయి. అది తిరగదు కాబట్టి కొత్తగానే కనబడుతుంది, అందుకే దాని తేదీ కూడా చదువు, గాలి నెలకోసారి చూడు. జాకీ, వీల్ స్పానరు సీటు కింద ఉన్నాయో లేదో లోడు ఎత్తకముందే చూసుకో.