ఆ రెండు బూడిద రంగులు

సూళ్లూరుపేట

తమ్ముడూ,

గోడలకని నువ్వు వాట్సాప్‌లో పంపిన షేడ్లు చూశాను. ఫోన్‌లో నాకు రెండూ ఒకటే. మీ బావకైతే రెండూ తెలుపే! కొట్టుకెళ్లి షేడ్ కార్డు తెచ్చి, తెల్ల కాగితం మీద పక్కపక్కన పెడితే బయటపడింది. ఒకదాంట్లో ఆకుపచ్చ జీర ఉంది, ఇంకోదాంట్లో గోధుమ జీర. నువ్వు తేల్చుకోవాల్సింది ఆ జీర సంగతే. ముదురూ లేతా విషయంలో రెండూ దాదాపు సమానం.

మేడ మీద గదికి కిటికీ ఉత్తరానికి ఉంది కదా, ఎండ నేరుగా పెద్దగా పడదు, వెలుతురు చల్లగా ఉంటుంది. పైగా కింద నాన్న వేయించిన ఎర్ర గచ్చు. పక్కనున్న రంగు కంటిని ఎలా మోసం చేస్తుందో విను. పారిస్‌లో గోబెలిన్ నేతశాలలో అద్దకాలు చూసే షెవ్రూల్ దగ్గరికి, నల్ల దారం నల్లగా లేదని ఫిర్యాదులొచ్చాయట. లోపం దారంలో లేదు, పక్కన నేసిన రంగులే దాన్నలా చూపిస్తున్నాయని తేల్చి, 1839లో దాని మీద పెద్ద పుస్తకమే రాశాడు. మన ఎర్ర గచ్చు పక్కన ఆ ఆకుపచ్చ జీర ఇంకా పైకి తేలుతుంది. ఆసుపత్రి వరండాలా ఉంటుందేమోనని నా భయం. నా ఓటు గోధుమ జీరకే.

అయినా నా మాట మీద వేయించెయ్యకు. పాత నీలం గోడ మీద జానెడు మేర పూసి చూస్తే ఆ నీలమే మోసం చేస్తుంది. రెండు పెద్ద అట్టలకు రెండేసి కోటింగులు వేయించి, బాగా ఆరాక, గచ్చుకి ఆనేలా నిలబెట్టు. పొద్దున చూడు, సాయంత్రం చూడు, రాత్రి లైటేసి చూడు. అక్కడున్నది 6500కె తెల్ల లైటు. 3000కె పసుపు లైటు పెట్టించే ఆలోచనుంటే ముందు అది మార్చి, తర్వాత రంగు చూడు. రాకెట్ చూడ్డానికొచ్చే నీ ఫ్రెండ్సంతా డాబా మీదే నిలబడతారు, గోడల వంక చూసేవాడెవడూ ఉండడు. రోజూ చూడాల్సింది నువ్వే.

మేస్త్రీ సంక్రాంతికల్లా ముగిస్తానంటున్నాడు. ఒప్పుకోకు. డిసెంబరు దాకా మనకు వానలు, ఆపైన పులికాట్ మీంచొచ్చే తేమ గాలి. తడి గోడకు లప్పం పెడితే పొక్కులొస్తాయి, అప్పుడు ఏ రంగైనా ఒకటే. ఫిబ్రవరిలో పెట్టుకో. డబ్బాలన్నీ ఒకేసారి కలిపించు, షేడ్ నంబరు రాసి బీరువాలో పెట్టు.

అట్టలు నేను తెప్పించి ఉంచుతాను. ఎప్పుడొస్తున్నావో చెప్పు.

మీ అక్క