వనం కూడా సంతానమే

మన పెద్దలు సప్త సంతానాలని ఏడింటిని చెప్పారు. కుమారుడు, చెరువు, దేవాలయం, అగ్రహారం, కావ్యం, ధననిధి, వనం. మనిషి పోయినా పేరు నిలిపేవి ఇవి. వనాన్ని బిడ్డల వరుసలో చేర్చారంటే అందులో ఒక బాధ్యత ఉంది. బిడ్డను కంటే సరిపోదు, పెంచాలి. చెట్ల కోసం విరాళం ఇచ్చే మనం ఈ మాట గుర్తుంచుకోవాలి.

మన మారిషస్ ఒకప్పుడు దాదాపు అంతా అడవే. 1638లో వచ్చి స్థిరపడిన డచ్చివారు నల్లని ఎబొనీ కలప కోసం చెట్లు నరికారు. తరువాత ఫ్రెంచివారి, ఆంగ్లేయుల కాలంలో చెరకు కోసం అడవులు కొట్టేశారు. 1830ల నుంచి ఆ చెరకు తోటల్లోనే మన పూర్వీకులు చెమటోడ్చారు. నేడు మంచి స్థితిలో మిగిలిన సహజమైన అడవి 2 శాతం కన్నా తక్కువ. మనకు అన్నం పెట్టిన నేల బాగు చూడడం మన ధర్మం.

ఏ చెట్లు నాటాలి?

వేప, రావి, మారేడు, మామిడి మనకు పూజ్యమైనవే. వాటిని గుడి ఆవరణలో, ఇంటి పెరట్లో పెంచుకుందాం. కాని అవి ఇక్కడి అడవికి చెందినవి కావు. అడవి తిరిగి నిలబడాలంటే ఈ నేలలో పుట్టిన చెట్లే కావాలి. ఎబొనీ మనకు మరీ పరాయిది కాదు. మన ఊళ్ళలో బీడీ ఆకులిచ్చే తునికి చెట్టుకు అది దగ్గర చుట్టం.

నాటితే చాలదా?

చాలదు. మనం ఇష్టంగా కోసుకు తినే చైనా జామ దక్షిణ అమెరికా నుంచి వచ్చినది. పక్షులు, కోతులు దాని గింజలను అడవంతా చల్లుతాయి. అది దట్టంగా అల్లుకుని ఇక్కడి మొక్కలను లేవనివ్వదు. ఎబొనీ చాలా నెమ్మదిగా పెరుగుతుంది కనుక ఏళ్ళ తరబడి కలుపు తీయాలి. మాహెబూర్ దగ్గర 26 హెక్టార్ల ఇల్ ఓజ్ ఎగ్రెట్ దీవిలో ఇదే చేశారు. ఎలుకలను తొలగించి, కలుపు తీసి, స్థానిక మొక్కలు నాటారు. 2000లో ఆల్డాబ్రా పెద్ద తాబేళ్ళను తెచ్చి వదిలారు. అవి ఎబొనీ పండ్లు తిని గింజలను దూరంగా వేస్తే, అక్కడ కొత్త మొక్కలు లేచాయి.

విరాళం ఇచ్చే ముందు మూడు సంగతులు అడగాలి. మొక్కలు ఈ దీవివేనా? కలుపు తీయడానికి ఎన్నేళ్ళ వరకు డబ్బు కేటాయించారు? బ్రతికిన మొక్కల లెక్క చెబుతారా? పది మొక్కలు నాటి ఫోటో దిగడం కన్నా రెండింటిని ఐదేళ్ళు సాకడం మేలు.

మన ఊళ్ళలో శ్రావణ భాద్రపదాలు వానల నెలలు. ఇక్కడ అవి చలికాలం. ఇక్కడ వానలు ఎక్కువగా డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు పడతాయి. అందుచేత వినాయక చవితికి విరాళం ఇచ్చి కలుపు తీయిద్దాం. సంక్రాంతికి పిల్లలతో కలిసి మొక్కలు నాటుదాం. ఉగాదికి వెళ్ళి ఎన్ని బ్రతికాయో లెక్క చూద్దాం.