కరెంటు బిల్లుల సైటుపై పడిన రాన్సమ్‌వేర్

తెలంగాణలోని దేవరుప్పులకు కరెంటు ఇచ్చేది హనుమకొండ కేంద్రంగా నడిచే ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కమ్). 2019లో ఈ సంస్థతోపాటు దక్షిణ డిస్కమ్, ఆంధ్రప్రదేశ్‌లోని రెండు డిస్కమ్‌ల వెబ్‌సైట్లపై రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. దెబ్బ తగిలింది ఆన్‌లైన్ సేవలకు. రాన్సమ్‌వేర్ ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసేసి, తిరిగి తెరవాలంటే డబ్బు కట్టమంటుంది, చాలావరకు బిట్‌కాయిన్లలోనే.

అంతకు రెండేళ్ల ముందు, 2017 మే 12న విరుచుకుపడ్డ వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లనూ వదల్లేదు. గమనించాల్సిన సంగతి ఇక్కడే ఉంది. ఎవరూ ఏ లింకూ నొక్కకపోయినా అది నెట్‌వర్క్ మీదుగా ఒక విండోస్ కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకింది. అంటే వర్మ్ లక్షణం. దాన్ని ఆపే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే విడుదల చేసింది. అప్‌డేట్‌ను వాయిదా వేసినవాళ్లు దొరికిపోయారు.

వైరస్ అలా కాదు, వేరే ఫైలుకు అంటుకుని, దాన్ని తెరిచాకే పనిచేస్తుంది. ట్రోజన్‌ది వేషం. వాట్సాప్‌లో 'పీఎం కిసాన్', 'ఈ-చలాన్' పేర్లతో వచ్చే నకిలీ ఏపీకే ఫైళ్లు ఈ బాపతే. ఇన్‌స్టాల్ కాగానే ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి అడుగుతాయి, ఓటీపీ కోసం. ఊళ్లలో ఎక్కువ భయపడాల్సింది వీటికే.

యాంటీవైరస్ ఒక్కటే చాలదు, బ్యాకప్ కూడా ఉండాలి. కానీ బ్యాకప్ తీసిన హార్డ్‌డిస్క్‌ను కంప్యూటర్‌కే తగిలించి ఉంచితే రాన్సమ్‌వేర్ దాన్నీ మింగేస్తుంది.

ఐటీ చట్టం–2000లో వైరస్ చొప్పించడం సెక్షన్ 43(సి). దురుద్దేశంతో చేస్తే సెక్షన్ 66 కింద 3 ఏళ్ల వరకు జైలు, లేదా 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. సైబర్ దాడులపై స్పందించే జాతీయ సంస్థ సెర్ట్-ఇన్‌కు అధికారాలిచ్చేది సెక్షన్ 70బి. సైబర్ మోసంలో డబ్బు పోతే వెంటనే ఫోన్ చేయాల్సిన నంబరు 1930.