ఉద్యోగం చేస్తూ లాసెట్ రాసేవారికి

డిగ్రీ అయ్యి, ఉద్యోగంలో చేరి ఏళ్లు గడిచాక లా చదవాలనిపిస్తే వెనకాడకండి. లా ప్రవేశ పరీక్ష లాసెట్‌కు గరిష్ఠ వయసు లేదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వేర్వేరుగా ఈ పరీక్ష పెడతాయి. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి డిగ్రీలో జనరల్ అభ్యర్థులకు 45 శాతం, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులుండాలి. ఇంటర్ చదవకుండా నేరుగా ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చేసినవారికి మాత్రం బార్ కౌన్సిల్ నిబంధన అడ్డొస్తుంది. ఫీజు కట్టకముందే ఇది చూసుకోండి.

పరీక్షకు భయపడక్కర్లేదు. 90 నిమిషాలు, 120 ప్రశ్నలు, తెలుగులోనూ ఉంటాయి. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్కటీ వదలొద్దు. సగం ప్రశ్నలు రాజ్యాంగం, న్యాయసూత్రాల మీదే. రాత్రిపూట గంట దొరికినా ముందు వాటికే కేటాయించండి. 42 మార్కులొస్తే అర్హత దక్కుతుంది, మంచి కాలేజీలో కన్వీనర్ సీటుకు అది చాలదు.

అసలు చిక్కు హాజరు. "ఫీజు కట్టండి, పరీక్షలకొస్తే చాలు" అని ఎవరైనా అంటే నమ్మకండి. ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు ఉండాలన్నది నియమం. ప్రత్యేక కారణముంటే 65 శాతం దాకా సడలించవచ్చు, అంతే. 2024 సెప్టెంబరులో బార్ కౌన్సిల్ బయోమెట్రిక్ హాజరు పెట్టమంది, ఉద్యోగం చేసేవారు ఆ సంగతి చెప్పి తమ సంస్థ యాజమాన్యం నుంచి నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) తేవాలని కూడా అంది. కాబట్టి దరఖాస్తు నింపేముందే మీ పై అధికారితో మాట్లాడండి. షిఫ్టు మారుతుందా, సెలవులు సరిపోతాయా, 12 వారాల ఇంటర్న్‌షిప్‌కు వదులుతారా? ఈ జవాబులు రాకుండా సీటు తీసుకుంటే మూడేళ్ల కష్టం, డబ్బు రెండూ పోయే ప్రమాదముంది. పట్టా వచ్చాక కూడా పూర్తికాలం జీతం తీసుకుంటూ ప్రాక్టీసు చేయడం కుదరదు.

కాగితాలు ఇప్పుడే బయటికి తీయండి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా ఉంటే కౌన్సెలింగ్‌లో ఇబ్బంది. డిగ్రీ కాలేజీలో టీసీ ఇంకా తీసుకోకపోతే ఈ వారమే వెళ్లండి. పాత రిజిస్టరు వెతకడానికే రోజులు పడతాయి. రిజర్వేషన్ ఉన్నవారు కుల ధ్రువపత్రం, ఫీజు రీయింబర్స్‌మెంట్ కోరేవారు తాజా ఆదాయ ధ్రువపత్రం మీసేవలోగానీ సచివాలయంలోగానీ ముందే తీసుకోండి.