గుండె లయ తప్పితే

బదిలీ మీద కోల్‌కతా వచ్చినా తాతగారి గుండెజబ్బు జన్యువుల్లో మన వెంట రావచ్చు. గుండె కండర జబ్బుకు దారితీయగల ఒక జన్యులోపం దాదాపు 4 శాతం భారతీయుల్లో ఉందని 2009లో హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు, సహచరులు తెలిపారు. లోపమున్న వారందరికీ జబ్బు రాదు.

వస్తే మాత్రం కొందరిలో గుండె కింది గదులు కొట్టుకోవడం మాని వణుకుతాయి. మెదడుకు రక్తం అందదు. బీటా బ్లాకర్ మాత్రలు కొంత కాపాడతాయి. కొందరికి లయ చెడగొట్టే చోటును కాల్చే అబ్లేషన్ చేస్తారు. ముప్పు ఎక్కువైతే ఛాతీ చర్మం కింద ఐసీడీ అమరుస్తారు. 1980లో అమెరికాలో తొలిసారి మనిషికి అమర్చిన ఈ పరికరం లయను కనిపెట్టి షాకిస్తుంది. జబ్బును నయం చేయదు.

పరుగెడుతూ స్పృహ తప్పితే ఎండదెబ్బేనని సరిపెట్టుకోకూడదు, డాక్టరుకు చూపించాలి. చిన్న వయసులో హఠాత్తుగా పోయినవారెవరైనా ఉన్నారా అని అమ్మమ్మను, నానమ్మను అడుగుదాం. ఈసీజీ కాగితాలను టీసీతో పాటే దాచుకుందాం. సామాన్ల లారీలో ముందు పోయేవి అవే.